కాక్టస్ కొసల కేసు

"ఒరేయ్ ఏవెర్ట్, నువ్వు అదృష్టవంతుడివి రా," అన్నాడు సిక్స్టెన్ గుమ్మంలో నిలబడి. "ఇంట్లో నేరం జరిగిన మర్నాడే ఈ దేశంలోకెల్లా పదునైన బుర్ర తనంతట తాను నడిచి రావడం ఎంతమందికి జరుగుతుంది?"

ఏవెర్ట్ అతని భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "ఎవరొచ్చారు?"

"నేనే రా."

"బూట్లు విప్పు."

"బూట్లు విప్పిన డిటెక్టివ్‌ని చూసి నేరస్థుడు భయపడడు."

"బూట్లు చూసి నా నేల భయపడుతోంది. విప్పు."

సిక్స్టెన్ విప్పాడు. ఏప్రిల్ నెల. హెద్బీ ఊళ్లో మంచు కరిగి దారులన్నీ బురదయ్యాయి. అతని ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఇల్లంతా పరిశీలించింది. ఆ తర్వాత జరిగిన పరిశోధన మొత్తంలో కాస్త పద్ధతిగా చూసింది ఆ వేలొక్కటే.

సిక్స్టెన్ ఉద్యోగం చేసినన్నాళ్లూ కరెంటు మీటర్లు చూసేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అతను దూరని నేలమాళిగ లేదు, తల కొట్టుకోని దూలం లేదు. పింఛను వచ్చాక తనకు తానే డిటెక్టివ్ పదవి ఇచ్చుకున్నాడు. ఇంటి తలుపుకి 'రహస్య పరిశోధకుడు' అని పెద్ద అక్షరాల బోర్డు పెట్టాడు, దారిన పోయే ప్రతివాడికీ రహస్యం తెలిసేలాగ. ఇప్పటికి రెండు కేసులు తేల్చాడు. పాస్టరు గారి సైకిలు పోతే వారం రోజులు ఊరంతా గాలించాడు, ఆ సైకిలు మీదే. కోళ్లు పోతే పక్కూరి పాలవాడిని అనుమానించాడు. అతను నక్క కాదని తేలింది.

ఏవెర్ట్ అతన్ని పిలవలేదు. నిన్న సాయంత్రం దుకాణంలో కాఫీపొడి కొంటూ నోరు జారాడు. అంతే.

"ఏదీ శవం?" అన్నాడు సిక్స్టెన్.

"శవం కాదు, చెట్టు. వంటింట్లో ఉంది."

వంటింటి కిటికీ దగ్గర ఎత్తు పీట మీద మట్టి కుండీ. అందులో గున్వోర్ క్రిస్మస్ కాక్టస్. గున్వోర్ పెళ్లయి వస్తూ పుట్టింటి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ముళ్లుండవు. బిళ్లకి బిళ్ల అతుక్కుని, కణుపులు కణుపులుగా కిందికి వేలాడే రకం. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవాటి బిళ్లలకు అంచు పొడుగునా పళ్లుంటాయి. గున్వోర్‌ది పాత జాతి, అంచులు గుండ్రంగా ఉంటాయి. ఊళ్లో మరెవరి దగ్గరా లేదు. ఏటా క్రిస్మస్‌కి ముందొచ్చే అడ్వెంట్ రోజుల్లో, కిటికీల్లో కాగితపు నక్షత్రాలు వెలిగే వేళకి, ప్రతి కొసకీ ఎర్రటి పువ్వు వేలాడేది. గున్వోర్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. రెండిట్లోనూ ఒక్క మొగ్గ తొడగలేదు. కొమ్మలు మాత్రం సన్నగా, పొడుగ్గా, మాసిన తాళ్లలా సాగాయి.

నిన్న ఏవెర్ట్ శ్మశానానికి వెళ్లాడు. సమాధి మీది చలికాలపు చెత్త ఊడ్చి, తిరిగి వచ్చేసరికి కాక్టస్ చుట్టూ కొసలు లేవు. ప్రతి కొమ్మ చివరా ఎవరో తీసుకుపోయారు.

ఆ ఇంట్లో ఇంకా ప్రాణంతో ఉన్న గున్వోర్ వస్తువు అదొక్కటే. అది కూడా పోతే ఏవెర్ట్ దృష్టిలో ఆమె రెండోసారి గుమ్మం దాటినట్టే.

సిక్స్టెన్ జేబులోంచి భూతద్దం తీసి కాక్టస్ మీదికి వంగాడు. కళ్లద్దాలు భూతద్దానికి తగిలి కింద పడ్డాయి. వాటిని వెతకడానికి భూతద్దం కింద పెట్టాడు. తర్వాత భూతద్దం కనిపించలేదు. ఏవెర్ట్ రెండూ ఏరి చేతికిచ్చాడు.

"ఘోరం," అన్నాడు సిక్స్టెన్. "గుండె రాయి చేసుకుని చేసిన పని. కత్తి గుర్తు లేదు, కత్తెర గుర్తు లేదు. అంటే ఏమిటి?"

"ఏమిటి?"

"కంటికి కనబడని ఆయుధం!"

"చేత్తో మెలిపెట్టి తుంచారేమో."

"ఆ మాట చెప్పడానికి నేనెందుకు రా? ఎవడైనా చెబుతాడు. మీ ఇంటి మీటరెక్కడ?"

"మీటరుకీ దీనికీ ఏం సంబంధం?"

"మనిషి మొహం అబద్ధమాడుతుంది. మీటరు ఆడదు."

మీటరు గుమ్మం పక్కనే ఉంది. సిక్స్టెన్ దాని ముందు టోపీ తీసి నిలబడ్డాడు. చర్చిలో కూడా అంత భక్తిగా నిలబడడు. కాసేపటికి వెనక్కి తిరిగినప్పుడు మొహం నిజంగానే పాలిపోయింది.

"ఏవెర్ట్. గున్వోర్ ఉండగా మీ ఇద్దరికీ కలిపి కూడా ఇంత తిరిగేది కాదు. ఇప్పుడు ఒక్కడివి. అయినా పరుగులు పెడుతోంది. దీనికి ఒకటే అర్థం."

"ఏంటి?"

"ప్రతి రాత్రీ ఈ ఇంట్లో రెండో మనిషి ఉంటున్నాడు!"

ఏవెర్ట్ కిటికీ దగ్గర, కాక్టస్ పక్కన ఉన్న దీపం వైపు ఒకసారి చూసి, స్టవ్ మీద కాఫీ పెట్టాడు.

"సరే, వాడు లోపలికి ఎలా వచ్చాడు? నువ్వు తాళం వేశావా?"

"తాళం ఎక్కడుంది? దొంగలకు లొంగకుండా చేస్తానని మొన్న దాంట్లో ఏదో పోశావు కదా. నిన్న పొద్దున తాళంచెవి దాంట్లోనే విరిగింది. చీపురు ఆనించి వెళ్లాను."

తలుపుకి చీపురు ఆనించి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. ఆ పల్లెల్లో పాతకాలం నుంచీ అదే తాళం. చీపురు చూసినవాళ్లు వెనక్కి పోతారు. గున్వోర్ బతికినంతకాలం ఆ ఇంటికి వేరే తాళం లేదు. ఆమె పోయిన వారానికి ఏవెర్ట్ పట్నం నుంచి ఇనుప తాళం తెచ్చాడు.

"చీపురుని కూడా లెక్కచేయలేదంటే వీడు మామూలు మనిషి కాడు," అన్నాడు సిక్స్టెన్. పళ్ల మధ్య చక్కెరముక్క పెట్టుకుని, కాఫీ సాసరులో వొంపుకుని, శబ్దం చేస్తూ జుర్రాడు. "దొరికితే ఏం చేస్తావ్?"

"క్షమించను."

"అది కొత్త సంగతేం కాదుగా. నువ్వు ఎవర్ని క్షమించావు గనక? నువ్వు పనిచేసిన కలప కోత మిల్లు మేస్త్రీతో మాటల్లేవు. గున్వోర్ అంత్యక్రియల్లో ప్రసంగం పొట్టిగా చేశాడని పాస్టరుతో మాటల్లేవు. పక్కింటి టీరా గారితో..."

"ఆవిడ పేరు ఈ ఇంట్లో ఎత్తకు."

"ఎత్తను. ఊళ్లో నువ్వు పలకరించే మనిషి నేనొక్కణ్నే మిగిలాను. అదీ నువ్వు పలకరించకపోయినా వస్తాను కాబట్టి."

ఏవెర్ట్ కాఫీ తాగాడు. కొసలు పోయాయని చూడగానే అతనికి మొదట తట్టిన పేరు టీరాదే. అంత్యక్రియల తర్వాత చర్చిలో ఇచ్చే కాఫీ దగ్గర, గున్వోర్‌ని మట్టిలో పెట్టి ఇంకా చేతులు కడుక్కోకముందే, ఆవిడ పక్కకి వచ్చి అడిగింది: "ఏవెర్ట్ గారూ, మరి ఆ కాక్టస్ సంగతి..." అతను కప్పు బల్ల మీద కొట్టి లేచి వచ్చేశాడు. ఆ మాట పూర్తి కానివ్వలేదు. అప్పటినుంచి మధ్యలో కంచె ఒక్కటే ఉన్నా, రెండిళ్లూ రెండు ఊళ్లయ్యాయి.

"టీరా గారిని నా జాబితాలోంచి తీసేశాను," అన్నాడు సిక్స్టెన్. "అంత మంచి దాల్చినచెక్క బన్నులు చేసే చేతులు నేరం చేయవు. ఇది శాస్త్రం."

"ఏ శాస్త్రం?"

"నాది."

*

అసలు నేరస్థుడు సిక్స్టెన్‌కి ఆ మధ్యాహ్నమే దొరికాడు. చర్చిలో ఆర్గన్ వాయించే ఆల్గోట్ మాస్టారు. ఆయన ఇంటి కిటికీలో క్రిస్మస్ కాక్టస్ ఉంది. అది నిండా పూసి ఉంది.

"చూశావా?" అన్నాడు సిక్స్టెన్, ఆయన కంచె వెనక పొదలో కూచుని. పొదకి ఆకులింకా రాలేదు. దారిన పోయేవాళ్లందరూ అతనికి నమస్కారం చెప్పి వెళ్తున్నారు. "క్రిస్మస్‌కి పూయాల్సింది ఏప్రిల్లో పూసింది! ఎంతటి కపటి అయినా ఎక్కడో ఒకచోట తప్పటడుగు వేస్తాడు."

"నిన్న కోసిన కొస ఇవాళ పూస్తుందా?"

"నువ్వు వృక్షశాస్త్రం మాట్లాడుతున్నావు. నేను నేరశాస్త్రం మాట్లాడుతున్నాను."

ఆల్గోట్ కిటికీ తెరిచాడు. "సిక్స్టెన్, నా పొదలోంచి లేచి తలుపులోంచి వస్తావా? నీ కింద పళ్ల మొక్కలున్నాయి."

లోపల సిక్స్టెన్ తెలివిగా మొదలుపెట్టాడు. "మాస్టారూ, ఏవో పనుల మీద ఇటు వచ్చాం. మీరు నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"చర్చిలో. పెళ్లికి వాయిస్తున్నాను. నువ్వు కూడా ఉన్నావు, ముందు వరసలో నిద్రపోయావు."

"గట్టి సాక్ష్యమే," అన్నాడు సిక్స్టెన్ ఏవెర్ట్‌తో, చాటుగా అన్నట్టు గట్టిగా. "అనుమానం పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి?" ఒక్క అడుగులో కిటికీ దగ్గరికి వెళ్లి, "చాలా బాగుంది మాస్టారూ, దీనికి దాహంగా ఉన్నట్టుంది," అంటూ పక్కనున్న జగ్గులో నీళ్లు కుండీలో పోశాడు. నీళ్లు కుండీలో నిలవకుండా ఆయన పాటల పుస్తకాల మీదికి పారాయి. ఆ కంగారులో చెయ్యి చాపి ఒక బిళ్ల తుంచబోయాడు. అది తెగలేదు. గట్టిగా లాగాడు. చెట్టు మొత్తం, కింద తెల్లటి స్పాంజి ముద్దతో సహా, చేతిలోకి వచ్చింది.

ఆల్గోట్ తడిసిన పుస్తకం ఒకటి ఎత్తి నీళ్లు దులిపాడు.

"ప్లాస్టిక్," అన్నాడు ఆల్గోట్. "మా అక్క పంపింది. నీళ్లు పోయక్కర్లేదని."

ఏవెర్ట్ ఆ బిళ్లని చూశాడు. అంచున పళ్లున్నాయి. గున్వోర్‌ది కాదు. ప్లాస్టిక్కులో కూడా కాదు.

బయటికి వచ్చాక సిక్స్టెన్ తల దించుకుని నడిచాడు. ఏవెర్ట్‌కి కొంచెం జాలేసింది. ఎక్కువ కాదు.

"అర్థమైందా?" అన్నాడు సిక్స్టెన్ చివరికి.

"ఏం అర్థమవాలి?"

"ప్లాస్టిక్! అసలుదాన్ని మాయం చేసి నకిలీని కిటికీలో పెట్టాడు. నా జీవితంలో ఇంత తెలివైన శత్రువుని చూడలేదు. రేపు అనుమానితులందర్నీ ఒక గదిలో కూచోబెట్టి ముసుగు లాగేస్తాను."

"ఏ గదిలో?"

"టీరా గారి వంటింట్లో."

"ఆవిడెందుకు?"

"ఏడు రకాల బిస్కట్లు చేస్తుంది. నేరస్థుడు నోరు విప్పాలంటే ముందు నోరు తెరవాలి కదా."

"నేను రాను."

"దొంగ పేరు అక్కడే చెబుతాను. రాకపోతే నీకు ఎప్పటికీ తెలియదు."

ఏవెర్ట్‌కి ఆ పేరు కావాలి. ఎవర్ని క్షమించకూడదో తెలియకపోతే మనిషికి నిలకడ ఉండదు.

*

సోమవారం మధ్యాహ్నం టీరా తలుపు తెరిచింది. ఎదురుగా ఏవెర్ట్. ఇద్దరూ ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు.

"రండి," అంది టీరా.

అతను వచ్చాడు. బూట్లు విప్పి, గుమ్మం పక్కన పద్ధతిగా పెట్టి, బల్ల చివర కూచున్నాడు. టీరా అతని ముందు కప్పు పెట్టింది. నీలం గీత ఉన్న కప్పు. గున్వోర్ ఎప్పుడూ అందులోనే తాగేదని అతనికి గుర్తుంది. చూపు పక్కకి తిప్పుకున్నాడు.

ఆల్గోట్ అప్పటికే కూచుని ఉన్నాడు, ఆరబెట్టాల్సిన పాటల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని. బల్ల మీద బిస్కట్లు ఏడు పళ్లేల్లో. సిక్స్టెన్ వాటిని ఎడమ నుంచి కుడికి పరిశోధించాడు, తర్వాత కుడి నుంచి ఎడమకి. అప్పుడు లేచాడు.

"మహాజనులారా. ఈ గదిలో ఒక రాక్షసుడున్నాడు."

"నాకింకో కాఫీ పోస్తారా టీరా గారూ," అన్నాడు ఆల్గోట్.

"ఒక దిక్కులేని వితంతు పురుషుడు..."

"కూచో రా," అన్నాడు ఏవెర్ట్.

"... తన భార్య సమాధి దగ్గర ఉండగా, ఒక చెయ్యి అతని కిటికీ దాకా సాగింది! ఆ చెయ్యి ఈ బల్ల మీదే ఉంది! ఇప్పుడు నేను ఈ గదిని చీకటి చేస్తాను. చీకట్లో నేరస్థుడి ఊపిరి మారుతుంది. ఆ ఊపిరిని పట్టుకుంటాను. టీరా గారూ, మీ మీటరెక్కడ?"

"సామాన్ల గదిలో. అక్కడికెందుకండీ," అంది టీరా. ఆవిడ ఊపిరి అప్పుడే మారింది. సిక్స్టెన్ చూడలేదు. "అక్కడంతా చిందరవందరగా ఉంది. వద్దు."

"ఈ ఇంటి మీటరుతో నాది ముప్పై ఏళ్ల స్నేహం," అంటూ అతను వంటింటి వెనకున్న చిన్నగదిలో దూరి తలుపు వేసుకున్నాడు. ఆ గదికి కిటికీ లేదు. ఫ్యూజు విప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో పడిన చప్పుడు. తర్వాత సిక్స్టెన్ గొంతు: "వెలుతురు పోయిందా?"

వంటింట్లో ఎండ బల్ల మీద దాకా పరుచుకుని ఉంది.

"పోలేదు," అన్నాడు ఆల్గోట్. "బయట సూర్యుడున్నాడు. దాని ఫ్యూజు కూడా విప్పు."

లోపల కాసేపు తడుములాట. రేకు డబ్బా మూత తీసిన చప్పుడు. టీరా కుర్చీలోంచి సగం లేచింది. మళ్లీ కూచుంది. చీకట్లో సిక్స్టెన్ చేతికి డబ్బా తగిలితే అది మీటరా బిస్కట్టా అన్న సందేహం అతనికి ఎప్పుడూ ఉండదు.

తలుపు తెరుచుకుంది. నోరు నిండుగా ఉంది. ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో ఆల్గోట్ వైపు వేలు చూపిస్తున్నాడు.

"మాస్టారూ! మీ ఆట... టీరా గారూ, ఏమీ అనుకోకండి, ఎనిమిదో రకం బాలేదు. పచ్చిగా ఉంది. జిగురు. ఉప్పు కూడా తక్కువ. ... మీ ఆట కట్టయింది మాస్టారూ!"

అతని గడ్డం మీద పచ్చటి రసం కారుతోంది. చూపించిన చేతిలో సగం కొరికిన బిళ్ల ఉంది. అంచు గుండ్రంగా ఉంది.

ఏవెర్ట్ లేచాడు. సిక్స్టెన్‌ని పక్కకి జరిపి చిన్నగదిలోకి వెళ్లాడు. డబ్బాతో బయటికి వచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద, ఒకదానికొకటి తగలకుండా, కొసలు ఆరబెట్టి ఉన్నాయి. తుంచిన చోట తడి ఆరి గట్టిపడుతోంది.

"నువ్వు సాక్ష్యాన్ని తినేశావు సిక్స్టెన్," అన్నాడు ఆల్గోట్.

"ఏ సాక్ష్యం?" అన్నాడు సిక్స్టెన్, మింగుతూ.

ఏవెర్ట్ అతన్ని చూడలేదు. టీరాని చూశాడు. రెండేళ్ల తర్వాత మొదటి మాట ఆవిడతో ఇది: "దొంగవి."

"అవును," అంది టీరా.

"ఆవిడ పోయిన రోజే దీని మీద కన్నేశావు. ఇవ్వకపోతే ఎత్తుకుపోయావు."

"కన్నేసింది ఆ రోజు కాదు. మీ ఇంట్లోకి ఆ కుండీ దిగిన సంవత్సరం నుంచీ దొంగిలిస్తున్నాను. ప్రతి ఏడూ. ఒక్క ఏడూ మానలేదు, ఈ మధ్య రెండేళ్లు తప్ప."

ఏవెర్ట్ డబ్బాని తన వైపు లాక్కున్నాడు.

"మీ అమ్మ మీకు చెప్పలేదా?" అంది టీరా. ఆవిడకీ కోపం వచ్చింది. ఆవిడ కూడా రెండేళ్లు దాచుకుంది. "అడిగి తెచ్చుకున్న కొమ్మ వేరు తొడగదు. దొంగిలించిందే బతుకుతుంది. ఒకవేళ ఎవరైనా చేతికిచ్చినా థాంక్స్ చెప్పకూడదు. చెబితే చస్తుంది. ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసిది."

అతనికీ తెలుసు. వాళ్లమ్మ కిటికీలోని జెరేనియం మొక్కలన్నీ పాస్టరు ఇంటి దొంగసరుకే.

"పూలు రాలిపోయి, మంచు కరిగాక, మీరు మిల్లుకి వెళ్లిన ఒక రోజు గున్వోర్ తలుపుకి చీపురు ఆనించేది. ఆనించి ఆవుల కొట్టంలోకి పోయి కూచునేది. పాలు పితికే వేళ కూడా కాదు. నేను కంచె దాటి వచ్చేదాన్ని. ఒక్కో కొమ్మకీ కొసన ఒకటో రెండో బిళ్లలు, కణుపు దగ్గర మెలిపెట్టి తుంచుకుని పోయేదాన్ని. సాయంత్రం ఆవిడ ఇక్కడికి కాఫీకి వచ్చి, ఈ కుర్చీలోనే కూచుని, 'టీరా, మా కాక్టస్‌ని ఎవరో దోచుకున్నారే' అనేది. నేను 'పాపం' అనేదాన్ని. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం."

"ఎందుకు?" అన్నాడు ఏవెర్ట్.

"ఎందుకేంటి? తుంచితేనే అది పక్క కొమ్మలేస్తుంది. ఒక కొస పోతే రెండొస్తాయి. కొస కొసకీ మొగ్గ. మీరు ఇన్నేళ్లూ చూసిన ఆ పూలన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నారు, నీళ్లు పోస్తేనా? తుంచినవి ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, వేళ్లు పట్టాక పక్క ఊళ్లలో ఆవిడ చుట్టాలకి పంచేవాళ్లం. ఆస్పత్రిలో చివరిసారి వెళ్లినప్పుడు నాతో ఒకటే చెప్పింది. 'దొంగతనం మానకు' అని. అదే మీతో చెప్పబోయాను, ఆ కాఫీ దగ్గర. మీరు కప్పు పగలగొట్టి వెళ్లిపోయారు."

"పగల్లేదు."

"బీట వారింది. చర్చి వాళ్లు ఇప్పటికీ నాతోనే అంటారు."

సిక్స్టెన్ దవడ ఆడటం ఆగింది.

"రెండేళ్లు మీ తలుపు చూశాను," అంది టీరా, గొంతు తగ్గించి. "తాళం. ఎప్పుడు చూసినా తాళం. చెట్టు కిటికీలోంచి కనిపిస్తోంది, తాళ్లలా సాగిపోతోంది. శనివారం చూస్తే చీపురు. ఆవిడ పెట్టే వైపే ఆనించి ఉంది. గున్వోర్ మీకు చెప్పే పోయి ఉంటుంది, ఇన్నాళ్లకి నాకోసం పెట్టారనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో! పరుగెత్తుకుంటూ వచ్చాను."

ఏవెర్ట్ చీపురు ఆ వైపు ఎందుకు ఆనించాడో అతనికే తెలియదు. గున్వోర్ అటే ఆనించేది. చెయ్యి అటే పోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడు సిక్స్టెన్. "ఆ తాళం చెడగొట్టింది నేను. నేను చెడగొట్టకపోతే చీపురు లేదు. చీపురు లేకపోతే నేరం లేదు. అంటే ఈ కేసుని మొదటి నుంచీ నడిపించింది..."

"కూచో రా," అన్నారు ముగ్గురూ.

అతను కూచున్నాడు. కానీ మీటరు మనసులో మెదులుతూనే ఉంది. "అంతా బాగానే ఉంది గానీ, రాత్రిళ్లు ఏవెర్ట్ ఇంట్లో ఉండే ఆ రెండో మనిషెవరు? మీటరు అబద్ధమాడదు."

"దీపం," అంది టీరా. "నా పడగ్గదిలోకి కనిపిస్తుంది. తెల్లవార్లూ వెలుగుతుంది. ఏవెర్ట్ గారూ, పొడుగు రాత్రులు చీకట్లో ఉంటేనే అది మొగ్గ తొడుగుతుంది. పక్కనే దీపం పెట్టి రెండేళ్లుగా మీరు దాన్ని నిద్రపోనివ్వలేదు. మరి ఎలా పూస్తుంది?"

మిల్లులో రాత్రి పని ఉన్నప్పుడు గున్వోర్ ఆ కిటికీలో దీపం వెలిగించి ఉంచేది. అతను రోడ్డు మలుపు తిరగ్గానే కనిపించేది. అతను లోపలికి వచ్చాక ఆర్పేది. ఇప్పుడు ఆర్పడానికి అతనికి చెయ్యి రాదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

టీరా అడగలేదు. "ఆర్పమనట్లేదు," అంది. "పక్క గది కిటికీకి మార్చండి. రోడ్డు మలుపు అక్కణ్నుంచి కూడా కనిపిస్తుంది."

ఏవెర్ట్ డబ్బా వైపు చూస్తూ కూచున్నాడు. క్షమించానని చెప్పడం అతనికి రాదు. నేర్చుకునే వయసు దాటింది. థాంక్స్ చెబితే చెట్టు చస్తుంది. ఇక మిగిలింది ఒకటే పని.

"కాఫీ చల్లారిపోయింది," అంది టీరా, అతని మొహం చూసి. "మళ్లీ పెడతాను." లేచి స్టవ్ వైపు తిరిగి, వీపు బల్లకి పెట్టి నిలబడింది. నీళ్లు పొయ్యడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. ఆల్గోట్ పైకప్పు వైపు చూశాడు. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

సిక్స్టెన్ మళ్లీ లేచాడు. ఏవెర్ట్‌కి ఎదురుగా, బల్లకి అవతల, మూరెడు దూరంలో. "మహాజనులారా, కేసు ముగిసింది. కొందరు అదృష్టమంటారు. వాళ్లకి చీకట్లో డబ్బా వెతకడం వెనకున్న లెక్క అర్థం కాదు. ఒక్క మాట చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. ఈ రెండు కళ్లూ తెరిచి ఉన్నంతకాలం హెద్బీలో ఇంకో దొంగతనం జరగదు!"

అతను ఆ రెండు కళ్లూ పెద్దవి చేసి చూస్తుండగానే ఏవెర్ట్ చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. మూడు బిళ్లలున్న ఒక కొసను తీసి, కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

"నీళ్లు ఎక్కువ పోయకూడదు," అంది టీరా స్టవ్‌తో.

*

గురువారం పొద్దున సిక్స్టెన్ ఊపిరి ఆడకుండా వచ్చాడు.

"ఒరేయ్ ఏవెర్ట్! ఘోరం! టీరా గారి ఇంట్లో దొంగతనం! ఇప్పుడే దుకాణంలో చెప్పింది. డబ్బాలోంచి ఎవరో ఒక కొస ఎత్తుకెళ్లారట. నా కళ్ల ముందే రా! అంటే ఎంతటి మాయగాడై ఉండాలి?"

ఏవెర్ట్ కాఫీ పెడుతున్నాడు. "ఆవిడ ఎలా ఉంది? బాధపడుతోందా?"

"అదే విచిత్రం. చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక దుకాణంలో బల్ల పట్టుకుంది. దెబ్బకి మతి చలించింది, పాపం."

"పాపం," అన్నాడు ఏవెర్ట్.

అన్నాక అతని గొంతులో ఏదో అడ్డుపడింది. దగ్గు అనుకున్నాడు. దగ్గు కాదు. స్టవ్ అంచు పట్టుకుని వంగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆ ఇంట్లో నవ్వు చప్పుడు పుట్టి చాలాకాలమైంది.

"నీకేమైంది రా?" అన్నాడు సిక్స్టెన్.

"ఏం లేదు. ఎవర్ని అనుమానిస్తున్నావ్?"

"అందర్నీ. ఒక్క నిన్ను తప్ప. నీ మొహంలో అంత తెలివి లేదు." సిక్స్టెన్ టోపీ తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. దీపం తీసేసిన చోట నీలం గీత ఉన్న కప్పు ఉంది. మట్టిలో ఇసుక కలిపి, అందులో మూడు బిళ్లల కొస ఒకటి గుచ్చి ఉంది. టోపీ తగిలి కప్పు కదిలితే, అది పడకుండా సిక్స్టెన్ తనే రెండు చేతులా పట్టుకుని, చూసి, జాగ్రత్తగా సర్ది పెట్టాడు.

"ఆ కప్పు టీరా గారిది కదూ?" అన్నాడు.

"అవును. మొన్న రాత్రి ఎవరో గుమ్మంలో పెట్టి పోయారు."

"చూశావా! నీ ఇంటి మీద కూడా కన్నేశారు. భయపడకు, నేనున్నాను." సిక్స్టెన్ కుర్చీ లాక్కుని, చక్కెర గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. "ముందు మీ మీటరు చూద్దాం."

"ముందు బూట్లు విప్పు," అన్నాడు ఏవెర్ట్.